గొంతు పాడని నెలలో కూడా నడవాలి

శాస్త్రీయ సంగీతం పాడేవాళ్లు నలుగురికి మంచి చేయడానికి ముందుకు రావడం మనకి కొత్తేమీ కాదు. తుపాను వస్తే ఒక కచేరీ, గుడికి గోపురం కావాలంటే ఒక కచేరీ, అనాథాశ్రమానికి బియ్యం కావాలంటే ఇంకో కచేరీ. పైసా తీసుకోకుండా పాడి, వచ్చిన డబ్బంతా అక్కడే ఇచ్చేసి వెళ్లిపోయినవాళ్లు తరతరాలుగా ఉన్నారు, వాళ్లకి దండం పెట్టాల్సిందే. ఈమధ్య కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి ఒక సంస్థ పెట్టి, పదిమందికి జీతాలిచ్చి, ఏదో ఒక సరుకో సేవో అమ్మి, ఆ మిగులుతోనే సాయం చేసే దారి పట్టారు. సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్లు అంటున్నది వీళ్లనే. దానానికీ దీనికీ తేడా తెలుసుకోవాలంటే ఒక్క ప్రశ్న చాలు: గాయనికి గొంతు పట్టేసి నెల రోజులు పాడలేకపోతే ఆ పని నడుస్తుందా, ఆగిపోతుందా? ఆగిపోతే అది ఇంకా కచేరీయే, ఎంత పెద్ద బోర్డు పెట్టినా సరే.

ఈ ప్రశ్న విజయనగరంలో వేసుకుంటే చాలా విషయాలు బయటపడతాయి. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయి గంగబాబుకి చూపు లేదు, ఆ పిల్లాడికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయించమని తండ్రి అడిగితే, ఒక్కడి కోసం ఒక గురువుని పెట్టే బదులు ఏకంగా పాఠశాలే పెట్టించారని చెప్పుకుంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని ఏకంగా అధ్యాపకుడిగా వేసుకున్నారు. నారాయణదాసు తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ద్వారం వారికీ చూపు తక్కువే. చూపు లేని ఒక పిల్లాడి కోసం మొదలైన పని నూరేళ్లు దాటింది. సంస్థానం పోయింది, రాజరికం పోయింది, కళాశాల మాత్రం ప్రభుత్వం చేతికొచ్చి నిలబడింది. గొప్ప గురువులు ఉండబట్టే నిలబడిందని అంటాం గానీ, నెల తిరిగేసరికి జీతాలిచ్చే ఖజానా ఒకటి వెనక ఉండబట్టి కూడా నిలబడింది. ఈ రెండో కారణం గురించి మనం మాట్లాడుకోం.

గురువుకి జీతం వచ్చింది సరే, మరి శిష్యుడి సంగతి? 1930ల చివర్లో ఇదే ఊళ్లో సంగీతం నేర్చుకున్న ఘంటసాల మధూకరం ఎత్తుకుని తిన్నారు, అంటే జోలె పట్టుకుని ఇంటింటికీ తిరిగి వాళ్లు పెట్టిన అన్నంతో కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన దగ్గర డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా ఆ గురువు మీదా ఆ ఊరి తల్లుల మీదా గౌరవం పెరుగుతుంది, పెరగాలి కూడా. కానీ జోలె పట్టలేక ఇంటికి తిరిగి వెళ్లిపోయిన పిల్లల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఎవరో ఒకరి దయ మీద నడిచే ఏర్పాటు ఎంతమందిని నిలబెట్టిందో కనిపిస్తుంది, ఎంతమందిని వదిలేసిందో కనిపించదు. సంస్థ పెట్టాలనుకునే గాయని పట్టించుకోవాల్సింది ఆ కనిపించని లెక్కనే.

పెద్దవాళ్లు ఈ చిక్కుని ఒక్కొక్కరు ఒక్కోలా విప్పారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1944లోనే కస్తూర్బా స్మారక నిధి కోసం కచేరీలు చేశారు, అది దానం పద్ధతి. తర్వాత 1963లో రికార్డు చేసిన వేంకటేశ సుప్రభాతం రాయల్టీని తిరుమల తిరుపతి దేవస్థానం వేద పాఠశాలకి రాసిచ్చారు, ఇక్కడ పద్ధతి మారింది. 1974లో ఆవిడకి మెగసెసే అవార్డు ఇచ్చింది ప్రజాసేవ విభాగంలోనే. 1997 తర్వాత ఆవిడ కచేరీలు మానేశారు, 2004లో వెళ్లిపోయారు. కానీ ఆ ఆదాయాన్ని ఆవిడ అప్పటికే తన గొంతు నుంచి విడదీసి ఒక పని పేరున కట్టేశారు. అంతకు ముందే గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఇంకో దారి చూపించారు. సంపాదించిన సొమ్ము పెట్టి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి చోట గుడి కట్టించారు, అక్కడ ఆడవాళ్లని పాడనివ్వనప్పుడు వాళ్లే ఒక బృందంగా ఏర్పడి పాడేలా చేశారు, చివరికి ఆస్తిని ట్రస్టుకి రాసేశారు. ఆవిడ పోయింది 1952లో, ఆరాధన ఇప్పటికీ జరుగుతోంది. ఆవిడని మనం భక్తురాలిగానే తలుచుకుంటాం గానీ, స్థలం కొనడం, కట్టడం, హక్కులు రాయించడం, తన తర్వాత ఎవరు చూసుకోవాలో తేల్చడం, ఇవన్నీ తలపండిన నిర్వాహకులు చేసే పనులు.

మన విజయనగరం అమ్మాయి పి. సుశీల గారి సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. ఇదే కళాశాలలో చదువుకుని సినిమా పాటకి వెళ్లారు. 2008లో ఆవిడ పేరుతో ట్రస్టు పెట్టారు. ఏటా నవంబరు 13న, ఆవిడ పుట్టినరోజుకి, కచేరీ జరుగుతుంది, ఇబ్బందుల్లో ఉన్న సంగీత కళాకారులకి ప్రతి నెలా పింఛను వెళుతుంది. వయసు మీద పడి, వేళ్లు కదలక, పిలిచేవాళ్లు లేక కూర్చున్న వాద్యకారుడికి ఏడాదికోసారి శాలువా కప్పడం కంటే నెలనెలా కొంత డబ్బు చేతికి రావడం ఎంత ముఖ్యమో వేదిక మీద బతికినవాళ్లకే తెలుస్తుంది. సాయం నెలవారీగా ఉండాలని ఆలోచించడమే ఇందులో పెద్ద విషయం. అలాంటి పేరు లేని మామూలు గాయని ఇదే పని చేయాలంటే ఆదాయం కూడా నెలవారీగా వచ్చే దారి వెతుక్కోవాలి, ఎందుకంటే ఆవిడ పిలిస్తే హాలు నిండదు. ఇది బాధగా ఉన్నా ఒప్పుకోవాల్సిన విషయం. అందరి కచేరీలూ నిధులు తేవు.

జిల్లాలో శాస్త్రీయ గాయని సంపాదన ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. తర్వాత ఆకాశవాణి ఆడిషన్, గ్రేడు వస్తే ఎప్పుడో ఒక పిలుపు. దసరా నవరాత్రులు, శ్రీరామనవమి పందిళ్లు, ధనుర్మాసం, ఈ రోజుల్లో పని ఉంటుంది. ఆషాఢంలో ఏమీ ఉండదు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, అక్కడ పాడటం భాగ్యం కాబట్టి డబ్బు ప్రస్తావనే రాదు, చాలాసార్లు బస్సు చార్జీలు కూడా చేతివే. మిగతా చోట్ల కచేరీ అయ్యాక తాంబూలంతో పాటు ఒక కవరు పెడతారు. ఆ కవరు అక్కడ విప్పి చూడకూడదు, ఎంత అని ముందు అడగకూడదు, ఇంటికెళ్లి చూసుకుని తక్కువైనా నోరు మెదపకూడదు. ఇరవై ఏళ్లు ఈ పద్ధతిలో పెరిగిన మనిషి ఒకరోజు సంస్థ పెట్టి, ఎదుటివాళ్లతో "మా ధర ఇంత, సగం అడ్వాన్సు ఇవ్వాలి" అని చెప్పాలి. గాయకులు పెట్టే సంస్థలకి పెట్టుబడి కంటే ముందు ఎదురయ్యే అడ్డంకి ఇదే. ధర అడగలేకపోవడాన్ని సంస్కారంగా నేర్పించారు, ఆ సంస్కారం ఖర్చు సంస్థలో జీతం తీసుకునేవాళ్ల మీద పడుతుంది.

అయినా ఈ ఊళ్లలో ఆడవాళ్లు సంగీతంతో చిన్న వ్యాపారం ఎప్పటినుంచో నడుపుతూనే ఉన్నారు, దాన్ని వ్యాపారం అని ఎవరూ అనలేదంతే. సాయంత్రం ఇంటి ముందు గదిలో చాప పరిచి, శ్రుతిపెట్టె పెట్టుకుని, అయిదారుగురు పిల్లలకి సరళీ స్వరాలు చెప్పే టీచరమ్మలు బొబ్బిలిలో, రాజాంలో, పాలకొండలో, టెక్కలిలో, ఏ ఊరెళ్లినా కనిపిస్తారు. పెళ్లయ్యాక కచేరీలు తగ్గిపోయి, వేణ్నీళ్లకు చన్నీళ్లని పాఠాలు మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ. ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి ఫీజు వాళ్లది, ఒకరికి జ్వరమొస్తే ఆ వారం పాఠం లేదు. వీళ్లు ఒక సంఘంగా కలిస్తే చాలా మారుతుంది. పాఠ్యక్రమం ఒకటే ఉంటుంది, ఒకరు రాలేనప్పుడు ఇంకొకరు వెళతారు, ఫీజు ఇవ్వగలిగిన ఇళ్ల నుంచి వచ్చిన డబ్బుతో ప్రభుత్వ బడి పిల్లలకి పాఠం నడుస్తుంది. చేతిలో ఉన్న విద్యతో, పెద్దగా పెట్టుబడి లేకుండా మొదలుపెట్టగలిగే పని ఇది. జీతం మాత్రం టీచరమ్మకి బడిలో చెప్పిన పాఠానికీ ఇవ్వాలి. సేవ పేరుతో ఆవిడ సాయంత్రాలు ఉచితంగా వాడుకుంటే అది మళ్లీ పాత ఏర్పాటే.

బడుల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. సంగీతం లేనిచోటికి సంగీతం తీసుకెళుతున్నాం అనుకుని వెళితే తప్పు చేసినట్టే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తప్పెటగుళ్లు ఉన్నాయి, జముకుల కథ ఉంది, కొండ మీద సవర పాటలున్నాయి. గుండెకి రేకు తప్పెట కట్టుకుని ఎగురుతూ పాడే కళాకారుడి లయజ్ఞానం ముందు సర్టిఫికెట్ కోర్సు పిల్లలు నిలబడలేరు. ఆయన్ని కూడా జీతమిచ్చి గురువుగా కూర్చోబెట్టినప్పుడే అది సమాజం కోసం పెట్టిన సంస్థ అవుతుంది. చెన్నైలో కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ మత్స్యకారుల పల్లెలో ఉత్సవం జరిపి అన్ని రకాల కళల్నీ ఒకే వేదిక ఎక్కించింది ఇలాంటి ఆలోచనతోనే. 2016లో ఆయనకి మెగసెసే రావడంలో ఈ పనికీ వాటా ఉంది.

గాయని చెవికి మార్కెట్లో నిజంగా విలువ ఉన్న చోటు ఈ జిల్లాలో ఒకటుంది, బొబ్బిలి పక్కన గొల్లపల్లి. సర్వసిద్ధి కుటుంబాలు తరాలుగా అక్కడ వీణలు చేస్తున్నాయి. పనస దుంగ ఎంచుకుని, కుండ నుంచి దండి (మెట్లు ఉండే పొడవాటి భాగం) దాకా అతుకు లేకుండా ఒకే చెక్కలోంచి తొలుస్తారు. చెక్కడం అయ్యాక అసలు పని మొదలవుతుంది. దండి మీద రెండు వరసలుగా మసి కలిపిన మైనం కట్టి, దానిమీద 24 మెట్లు ఒక్కొక్కటే నిలబెడతారు, మేళం కట్టడం అంటే ఇదే. తీగ మీటుతూ, వింటూ, మెట్టుని వేలితో కాస్త జరుపుతూ, మళ్లీ మీటుతూ పోవాలి. నూలుపోగంత తేడా వచ్చినా గాంధారం (గ స్వరం) కలవదు. కొలబద్దతో తేలే పని కాదిది, చెవితోనే తేలాలి. పైగా ఒకసారి కడితే అయిపోదు. ఎండకి మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, తీగ రాసుకుని మెట్ల మీద గాట్లు పడతాయి, కొన్నేళ్లకి మేళం మళ్లీ కట్టించాల్సిందే.

ఇప్పుడు అమ్మకాలు చూడండి. జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న బొమ్మ వీణలకి గిరాకీ బాగుంది, సన్మానాలకీ ఆఫీసు కార్యక్రమాలకీ అవే వెళతాయి, చేసేవాళ్ల ఇంట్లో పొయ్యి వెలగడానికి అవి కావాలి కూడా. కానీ బొమ్మ వీణకి మేళం కట్టక్కర్లేదు. దాన్ని ఎవరూ మీటరు. ఊరంతా బొమ్మల మీదే బతకడం అలవాటైతే ఒక తరం తిరిగేసరికి చెక్కే చేతులు ఉంటాయి, వినే చెవి ఉండదు, అప్పుడు పెద్ద వీణ చేయమన్నా చేయలేరు. బొబ్బిలి వీణకి ఉన్న భౌగోళిక గుర్తింపు (జీఐ) పేరుని కాపాడుతుంది గానీ చెవిని కాపాడలేదు. సంగీతం తెలిసిన మనిషి ఇక్కడ వ్యాపారంలోకి దిగాలి. తయారైన ప్రతి పెద్ద వీణనీ శ్రుతి చేసి, వాయించి, రికార్డు చేసి, ఆ రికార్డింగుతో పాటే అమ్మాలి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి కొనేవాళ్లకి ఫొటో చూస్తే నమ్మకం రాదు, వింటే వస్తుంది. రెండోది, మరమ్మతు సేవ. విశాఖలో, హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో అమ్మమ్మల వీణలు అటక మీద మేళం కదిలిపోయి పడి ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు గొల్లపల్లి పనివాళ్లు ఆ ఊళ్లకి వెళ్లి వారం రోజులు మకాం పెట్టి మేళాలు కట్టి వస్తే, కొత్త వీణలు అమ్ముడుపోని నెలల్లో కూడా డబ్బు వస్తుంది. తేదీలు ముందు ప్రకటించి, బుకింగులు తీసుకుని, రేటు రాసి పెట్టి చేయాల్సిన పని ఇది. గాయని పాడకపోయినా నడిచే ఆదాయం అంటే ఇలాంటిదే, అదే సమయంలో ఆవిడ నేర్చుకున్న విద్య లేకపోతే పుట్టని ఆదాయం కూడా.

చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వాద్యాలు చేసేవాళ్లు మాత్రం విడిగా లేరు. వడ్రంగికి జాబితాలో చోటుంది, కాబట్టి వీణ చేసేవాళ్లు ఆ పేరుతో ప్రయత్నం చేసుకోవాలి. ఇలాంటి కాగితం పని చేసిపెట్టే మనిషి ఊళ్లో ఒకరుంటే ఎంత తేడానో పనివాళ్లనే అడగండి.

సంస్థకి చట్టపరంగా ఏ రూపం ఇవ్వాలనేది విసుగు పుట్టించే విషయమే, కానీ చాలామంది ఇక్కడే ఇరుక్కుపోతారు. పాఠాలు చెప్పే పనికి సొసైటీ గానీ, కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద కంపెనీ గానీ సరిపోతాయి, వచ్చిన మిగులు ఎవరూ పంచుకోకూడదు, ఆ పనికే పెట్టాలి. వీణల పనికి అది నప్పదు, ఎందుకంటే లాభం చేసినవాళ్ల చేతికి వెళ్లాలి. దానికి ప్రొడ్యూసర్ కంపెనీ ఉంది, కనీసం 10 మంది ఉత్పత్తిదారులు కలిసి పెట్టుకోవచ్చు, వాటాదారులు వాళ్లే, లాభం వాళ్లదే, గాయని అక్కడ యజమాని కాదు, ఆ కంపెనీకి పనిచేసే మనిషి. రెండిటినీ ఒకే సంస్థలో కలిపేస్తే, బడి పిల్లల డబ్బు ఎక్కడ ఆగింది, వీణల డబ్బు ఎక్కడ మొదలైంది అన్నది మూడో ఏటికి ఎవరికీ తెలియదు, అనుమానాలు అక్కడి నుంచే పుడతాయి.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధుల గురించి అందరూ ఆశగా మాట్లాడతారు. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు చేయాలి, ఆ పనుల జాబితాలో సంప్రదాయ కళలు, చేతివృత్తులు ఉన్నాయి, నిజమే. కానీ బయటి సంస్థకి ఆ డబ్బు రావాలంటే అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి, 12ఏ, 80జీ అని అందరూ పిలిచే, ఆదాయపు పన్ను శాఖ సేవా సంస్థలకి ఇచ్చే రిజిస్ట్రేషన్లు ఉండాలి. అంటే అసలు కష్టమైన మొదటి మూడేళ్లూ సొంతంగా ఈదాల్సిందే. ఆ తర్వాత వచ్చే డబ్బు కూడా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. అందుకే ఫీజులు, అమ్మకాలు, మరమ్మతులు ముందు రావాలి, సీఎస్ఆర్ వాటి తర్వాత రావాలి. వరస తిరగబడిన చోట ప్రాజెక్టు అయిపోగానే ఆఫీసుకి తాళం పడుతుంది.

సంగీతం నేర్చుకున్న మనిషికి ఈ పనిలో కలిసొచ్చేవి లేకపోలేదు. ఒకే వర్ణాన్ని (సాధన కోసం నేర్చుకునే రచన) నెలల తరబడి మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, సాధన చేసినవాళ్లకి ఫలితం ఆలస్యమైనా ఓర్చుకోవడం వచ్చి ఉంటుంది. పదిమంది ముందు గురువు తప్పు దిద్దితే తలొంచుకుని మళ్లీ పాడినవాళ్లు, పనిలో తప్పు చూపించినప్పుడు ఉలిక్కిపడరు. నష్టపోయేది మాత్రం సాధన. పొద్దున అయిదింటికి తంబూరా దగ్గర కూర్చునే గంటన్నర బ్యాంకు పనులకీ ఫోన్లకీ పోతుంది, ఏడాది తిరిగేసరికి పై స్థాయిలో గొంతు నిలవదు, "పాట వదిలేసి వ్యాపారంలో పడింది" అని రసికులు అంటారు. ఈ మాట చాలామందిని వెనక్కి లాగేసింది, ముఖ్యంగా ఆడవాళ్లని. ఆ గంటన్నర కాపాడుకోవాలంటే లెక్కలు చూసే మనిషిని మొదటి రోజు నుంచే జీతానికి పెట్టుకోవాలి, ఆ జీతం అనవసర ఖర్చు అని ఇంట్లోవాళ్లు ఎంత అన్నా సరే.

గొల్లపల్లి విషయంలో ఇంకొక్క పని మిగిలి ఉంది, పనస కలప. వీణకి పనికొచ్చే దుంగ కావాలంటే చెట్టు దశాబ్దాలు పెరగాలి, మాను లావెక్కాలి. ఇప్పుడు నరికేది తాతలు పెట్టిన చెట్లు. ఏ సంస్థ పెట్టినా మొదటి ఏడాది బడ్జెట్‌లోనే చుట్టుపక్కల పొలాల గట్ల మీద పనస మొక్కలకి కొంత డబ్బు తీసి పెట్టాలి. రైతుకి కాయలు, పళ్లు ముందే వస్తాయి కాబట్టి ఒప్పించడం కష్టం కాదు. చెట్టు ముదిరాక ఆ మాను మీద మొదటి బేరం గొల్లపల్లి వాళ్లదే అని రైతుతో ఇప్పుడే కాగితం రాసుకోవాలి, లేదంటే మాను ముదిరే నాటికి సామిల్లు వాళ్లు ముందొచ్చి కొనుక్కుపోతారు.